జూని మిల్లు నుంచి ట్రూజెట్ దాకా: కంపెనీ చేతులు మారితే పనివాడి పేరు ఎక్కడ?



పోయిన ఆదివారం అశోక్ చౌక్‌లో మన మీటింగు అయిపోయి చాయ్ తాగుతుంటే ఒక తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయనకి నాలుగు మగ్గాలున్నాయి, టవళ్ళ పని. కొడుకు పైలట్. ఇల్లు కుదువబెట్టి చదివించాడు. ఆ పిల్లవాడు ఇప్పుడు ఒక చిన్న విమాన కంపెనీలో ఏటీఆర్ విమానం మీద కో-పైలట్. "అన్నా, పెద్ద కంపెనీ వాళ్ళు దీన్ని కొంటున్నరని అందరు అంటున్నరు. మంచిదేనా, చెడ్డదా? పోరడు రాత్రుళ్ళు నిద్రపోతలేడు" అన్నాడు.

మాలో ఎవరికీ జవాబు తెలియలేదు. సోలాపూర్‌కి విమానం సరిగ్గా వచ్చిందే మొన్న. మధ్యలో కింగ్‌ఫిషర్ కొన్నాళ్ళు ముంబైకి నడిపి మానేసింది. 2023 జూన్‌లో సిద్ధేశ్వర్ చక్కెర కార్ఖానా చిమ్నీ కూల్చాక, 2025 జూన్‌లో గోవాకి ఫ్లై91, అదే ఏడు అక్టోబరులో ముంబైకి స్టార్ ఎయిర్ వచ్చాయి. విమానాల సంగతి మనకేం తెలుసు అనుకున్నాం. కానీ కంపెనీ చేతులు మారడం అంటారా, అది సోలాపూర్‌కి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు?

జూని మిల్లు గుర్తుందా? 1874లో పెట్టిన సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ. 1949 ఆగస్టులో మిల్లు మూతపడింది. 1950 జనవరి 9న కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి మిల్లు నడపడం తన చేతుల్లోకి తీసుకుంది. మేనేజ్‌మెంటు సరిగ్గా నడపలేదనీ, దానివల్ల సమాజంలో ఒక వర్గానికి పని పోయిందనీ అందులో రాశారు. ఆ వర్గంలో మన తాతలు కూడా ఉన్నారు. తర్వాత కేసులు సుప్రీంకోర్టుకి పోయాయి. చిరంజిత్ లాల్ కేసు 1950 డిసెంబరులో ఓడింది, ద్వారకాదాస్ శ్రీనివాస్ కేసు 1953 డిసెంబరులో గెలిచింది. ఈరోజుకీ లా కాలేజీల్లో పిల్లలు 'సోలాపూర్ మిల్లు కేసు' అని చదువుతారు. మన ఊరి పేరు రాజ్యాంగ పుస్తకాల్లో ఉండడం మనకి గొప్పే. కానీ ఆ రెండు కేసులూ వాటాదార్లవి. వాళ్ళ ఆస్తి హక్కు గురించి పేజీలకు పేజీలు వాదించారు. పనివాడి పాత సర్వీసు, ఆగిన పగారు ఆ వాదనలో అసలు విషయమే కాదు.

ఇది మనసులో పెట్టుకుని విమానాల చరిత్ర చూశాం.

మొదటిది మన హైదరాబాదుదే. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. బేగంపేట నుంచి డకోటా విమానాలు నడిపేవారు. ఆడపిల్ల విమానం నడపడమేంటని మిగతా కంపెనీలు తిప్పి పంపిన ప్రేమ్ మాథుర్‌కి 1947లో ఉద్యోగమిచ్చింది ఈ కంపెనీయే. దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్ ఆమె. 1953 ఆగస్టు 1న డెక్కన్‌తో కలిపి ఎనిమిది కంపెనీల దేశీయ సర్వీసులు ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌లో కలిసిపోయాయి. అయితే ఆ చట్టం రాసినవాళ్ళు ఒక మంచి పని చేశారు. 1952 జూలై 1కి ముందు నుంచి పనిలో ఉన్నవాళ్ళంతా పాత జీతం, పాత షరతుల మీదే కార్పొరేషన్ ఉద్యోగులు అవుతారని చట్టంలోనే పెట్టారు. తర్వాత కార్పొరేషన్ ఆ షరతులు మార్చుకోవచ్చనీ పెట్టారు, అది వేరే సంగతి. అయినా కాగితం మీద పనివాడి పేరు ఉంది.

1981లో చిన్న ఊళ్ళ కోసం వాయుదూత్ వచ్చింది. నష్టాలు పెరిగి 1993లో దాన్నీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లోనే కలిపారు. పేరుకి ఒకే ఇల్లు, కానీ వచ్చినవాళ్ళని కొన్నాళ్ళు షార్ట్ హాల్ ఆపరేషన్స్ అని వేరే గదిలో కూర్చోబెట్టారు.

ఎందుకు వేరే గది? ఇక్కడే అసలు విషయం ఉంది. మన మగ్గం పనిలో మాలిక్ మారితే పనివాడు పక్క కార్ఖానాకి పోయి అదే పని చేస్తాడు, చేతి పనికి దక్కేది దక్కుతుంది. పైలట్‌కి అలా కాదు. ప్రతి కంపెనీలో ఒక సీనియారిటీ లిస్టు ఉంటుంది. కో-పైలట్ నుంచి కెప్టెన్ అయ్యే వంతు ఎప్పుడు, పెద్ద విమానం ట్రైనింగు ఎవరికి, ఏ ఊళ్ళో డ్యూటీ, అన్నిటికీ ఆ లిస్టులో నంబరే చూస్తారు. రెండు కంపెనీలు కలిస్తే రెండు లిస్టులు ఒకటి కావాలి. చేరిన తేదీని బట్టి కలుపుతారా, కొన్నవాళ్ళ లిస్టు కింద వీళ్ళని అతికిస్తారా? పదేళ్ళ సర్వీసు ఒక్క సంతకంతో అడుగుకి పోవచ్చు.

2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసినప్పుడు ఏమైందో చూడండి. నాలుగేళ్ళయినా జీతాలు ఒకటి కాలేదు. 2011లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైపు పైలట్లు సమ్మె చేశారు. జస్టిస్ ధర్మాధికారి కమిటీ వేశారు, 2012 జనవరిలో రిపోర్టు వచ్చింది. ఆ మేలోనే ఈసారి ఎయిర్ ఇండియా వైపు పైలట్లు సమ్మెకి దిగారు. కొత్త బోయింగ్ 787 ట్రైనింగు అవతలి వాళ్ళకీ ఇస్తే మా వంతు వెనక్కిపోతుందని వాళ్ళ బాధ. 58 రోజులు నడిచింది, వంద మంది దాకా ఉద్యోగాలు తీసేశారు. రెండూ ప్రభుత్వ కంపెనీలే, ఒకే మంత్రి కింద. అయినా ఇట్లయింది. మొన్న 2024లో విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసేముందు కూడా గొడవ వచ్చింది. ఎగిరినా ఎగరకపోయినా 70 గంటలకి ఇచ్చే పగారుని 40 గంటలకి తగ్గిస్తున్నారని పైలట్లు మూకుమ్మడిగా సెలవు పెడితే విమానాలు రద్దయ్యాయి.

కొనేవాడు ఎందుకు కొంటున్నాడన్నది కూడా చూడాలి. కెప్టెన్ గోపీనాథ్ 2003లో ఏటీఆర్‌లతో మొదలుపెట్టిన ఎయిర్ డెక్కన్‌లో 2007లో కింగ్‌ఫిషర్ వాటా కొన్నది. విదేశాలకి నడపాలంటే అప్పటి రూలు ప్రకారం ఐదేళ్ళ అనుభవం ఉండాలి. అది డెక్కన్‌కి 2008 ఆగస్టులో నిండింది, సెప్టెంబరులో కింగ్‌ఫిషర్ లండన్ విమానం ఎగిరింది. డెక్కన్ పేరు కింగ్‌ఫిషర్ రెడ్ అయింది, 2011లో అదీ పోయింది. 2012 అక్టోబరుకి నెలల తరబడి జీతాలు లేకుండా మొత్తం కంపెనీయే ఆగింది. కొన్న పెద్ద కంపెనీ చిన్నదానికంటే గట్టిదే అయి ఉంటుందని మనం అనుకోవద్దు.

ఇక పుకారు పుకారుగానే ఆగిపోయే రకం. హైదరాబాద్ ట్రూజెట్ 2015 జూలైలో తిరుపతికి మొదలైంది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం మొదటి రోజే కడపకీ, మన పక్కన నాందేడ్‌కీ ఎగిరింది. 2021లో అమెరికా కంపెనీ ఇంటరప్స్ 49 శాతం కొంటుందన్నారు. 2022 ఫిబ్రవరిలో విమానాలు ఆగాయి. ఆ తర్వాత విన్ఎయిర్ 79 శాతం తీసుకుంటుందన్నారు. వార్త వచ్చిన ప్రతిసారీ ఆగిన జీతం వస్తుందని ఉద్యోగుల్లో ఆశ, ఇంకో నెల ఆగుదామని. ఆ ట్రూజెట్ మళ్ళీ ఎగరలేదు.

విజయవాడ ఎయిర్ కోస్టాది ఇంకో కష్టం. వాళ్ళవి ఎంబ్రేయర్ విమానాలు. పైలట్ లైసెన్సు మీద ఏ విమానం రాసి ఉంటే అదే నడపాలి. 2017లో కంపెనీ ఆగేసరికి దేశంలో పెద్ద కంపెనీల్లో ఎవరి దగ్గరా ఆ విమానాలు లేవు. వేరే విమానం నేర్చుకోవాలంటే మళ్ళీ లక్షలు కావాలి. మన తమ్ముడి కొడుకుది ఏటీఆర్ కావడం కొంత నయం, ఇండిగో దగ్గరా ఆ విమానాలున్నాయి.

అయితే రేపే వదిలేసి పోదామన్నా కుదరదు. 2017 డీజీసీఏ రూలు ప్రకారం కో-పైలట్ ఆరు నెలలు, కెప్టెన్ ఏడాది ముందే నోటీసు ఇవ్వాలి.

ఇదంతా చదివి మేము ఆ తండ్రికి చెప్పింది ఇది: ఎవడు కొంటున్నాడని కొడుకుని అడగకు. నీ చేరిన తేదీ కాగితం మీద ఉందా, ట్రైనింగు బాండు కొత్త కంపెనీ పేరుకి మారుతుందా, ప్రావిడెంట్ ఫండు నెలనెలా పడుతోందా, ఆగిన పగారు ఏమన్నా ఉంటే ఎవరు ఇస్తారు, ఇవి అడుగు. మంగళవారం ఆయన అప్పాయింట్‌మెంట్ లెటరు పట్టుకొచ్చాడు, మన సంఘంలోని వకీలు చదువుతున్నారు. బాండు కాగితం వేరే ఉందట, పిల్లవాడు దాన్ని పోస్టులో పంపుతున్నాడు.

ఇంకో మాట. 1950లో ప్రభుత్వం తీసుకున్నాక జూని మిల్లులో మళ్ళీ పనికెక్కిన తాతల హాజరీ కార్డులు, పగారు చీటీలు ఎవరింట్లో ఉన్నా ఫోటో తీసి మాకు పంపండి. పాత సర్వీసు కలిపారా, కొత్తగా రాశారా అన్నది వాటిమీద కనిపిస్తుంది.