తుపాకీకి సైలెన్సర్ ఉంది, మగ్గానికి లేదేం?

మోటారు సైకిల్‌కు సైలెన్సర్ ఉంటుందని మీకు తెలుసు. తుపాకీకి కూడా సైలెన్సర్ ఉంటుందని సినిమాల్లో చూసే ఉంటారు. మరి చెవులు చిల్లులు పడేలా మోగే మరమగ్గానికి సైలెన్సర్ ఎందుకు లేదు? రైఫిల్ మోతనే తగ్గించగలిగిన వారికి మగ్గం మోత ఒక లెక్కా?

గుజరాత్‌లోని సూరత్ నగరంలో, పాండేసర పారిశ్రామిక వాడలో నివసించే తెలుగు విద్యార్థికి ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. పాండేసర, ఉధనా, లింబాయత్ ప్రాంతాల్లో మరమగ్గాలు, అద్దకం మిల్లులు దగ్గర దగ్గరగా ఉంటాయి. తెలంగాణ జిల్లాల నుంచి ఎన్నో నేత కుటుంబాలు ఏళ్ళ క్రితమే సూరత్‌కు తరలివెళ్ళాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం పాఠశాలలను కూడా నడుపుతోంది. ఆ పిల్లల తండ్రులూ అన్నలూ రోజుకు 12 గంటల షిఫ్టు సాంచాల మధ్య గడుపుతారు. కాబట్టి పై ప్రశ్న వారి చెవులకు సంబంధించినది. జవాబు కోసం మనం ముందు సైలెన్సర్ చరిత్ర తెలుసుకోవాలి.

తండ్రి తుపాకీ, కొడుకు సైలెన్సర్

ఈ చరిత్ర ఒక చెవిటి మనిషితో మొదలవుతుంది. ఆయన పేరు హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్ (1840–1916). అమెరికాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడ్డ ఈయన 1884లో నిమిషానికి సుమారు 600 గుళ్ళు పేల్చగల మెషిన్‌గన్‌ను రూపొందించాడు. ఏళ్ళ తరబడి ఆ మోత మధ్యనే పనిచేయడంతో ఆయన వినికిడి బాగా దెబ్బతింది.

ఆయన కుమారుడు హైరమ్ పెర్సీ మాక్సిమ్ (1869–1936) అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ఇంజనీరు. తండ్రి తుపాకీకి వేగం ఇస్తే, కొడుకు దాని గొంతు తగ్గించే పని చేపట్టాడు. తుపాకీ సైలెన్సర్‌కు 1909 మార్చి 30న ఆయనకు పేటెంటు లభించింది. తర్వాతి కాలంలో ఆయన కంపెనీ తుపాకులను వదిలి ఇంజన్లు, కంప్రెసర్ల వంటి యంత్రాల మోత తగ్గించే పరికరాల వైపు మళ్ళింది. మీ ఇంటి ముందున్న మోటారు సైకిల్ సైలెన్సర్‌లో పనిచేసేది కూడా ఇదే సూత్రం.

బుడగ చెప్పే పాఠం

ఆ సూత్రాన్ని మీరే పరీక్షించి చూడవచ్చు. గాలి నింపిన బుడగను సూదితో పొడవండి. ఢామ్మని పేలుతుంది. అంతే గాలి నింపిన మరో బుడగ మూతిని వేళ్ళతో పట్టి కొద్దికొద్దిగా వదలండి. బుస్సుమంటుందే తప్ప పేలదు. రెండింటిలోనూ గాలి ఒక్కటే. బయటకు రావడానికి పట్టిన సమయం మాత్రమే వేరు.

తుపాకీలో మందు మండినప్పుడు విపరీతమైన పీడనంతో వేడి వాయువులు పుడతాయి. గుండు గొట్టం దాటిన క్షణంలోనే అవి ఒక్కసారిగా వ్యాకోచిస్తాయి. అదే పేలుడు శబ్దం. సైలెన్సర్‌లో వరుసగా అరలు ఉంటాయి. వాయువులు ఒక్కో అరలో కాస్త విస్తరించి, కాస్త చల్లబడి, ఆలస్యంగా బయటకు వస్తాయి.

అయితే పేరు చూసి మోసపోకండి. రైఫిల్ మోత చెవి దగ్గర సుమారు 160 డెసిబెల్. మంచి సైలెన్సర్ దానిని 20 నుంచి 35 డెసిబెల్ వరకు తగ్గించగలదు. మిగిలినది కూడా పెద్ద మోతే. సినిమాల్లో వినిపించే 'ఠప్' మనే చిన్న చప్పుడు వట్టి కల్పన. పైగా ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. రైఫిల్ గుండు సెకనుకు 800 మీటర్లు దాటి పోగలదు. పడవ ముందు నీరు అలగా చీలినట్లు ఆ గుండు ముందు గాలిలో అఘాత తరంగం ఏర్పడుతుంది. ఎర్న్‌స్ట్ మాక్, పీటర్ సాల్చర్ అనే శాస్త్రజ్ఞులు 1887లోనే ఈ తరంగాల ఛాయాచిత్రాలు ప్రచురించారు. ఈ శబ్దం గొట్టం నోటి నుంచి వచ్చేది కాదు, గుండు దారి పొడవునా పుట్టేది. అందుకే సైలెన్సర్ దానిని ఏమీ చేయలేదు.

ఒకటే చాలా తుపాకులకు సరిపోతుందా?

మన దేశంలో తుపాకీ శబ్దం తగ్గించే ఉపకరణాలు నిషిద్ధ వర్గంలోకి వస్తాయి. సాధారణ పౌరుడు వాటిని కొనలేడు. ఫిన్లాండ్, నార్వే, న్యూజిలాండ్ వంటి దేశాల్లో మాత్రం వేటగాళ్ళు చెవుల రక్షణకు వాడతారు. రెండు మూడు రైఫిళ్ళున్న వేటగాడికి అక్కడ ఒక సందేహం వస్తుంది. ఒకే సైలెన్సర్‌తో అన్నింటికీ పని జరుగుతుందా?

జరుగుతుంది, కాని ఒక మెలిక ఉంది. సైలెన్సర్ రంధ్రం అన్నింటిలోకీ పెద్ద గుండుకు సరిపడాలి. అత్యంత శక్తిమంతమైన తుపాకీ పీడనాన్ని అది తట్టుకోవాలి. అటువంటి దానిని చిన్న గుండు తుపాకీకి తగిలిస్తే, గుండు చుట్టూ ఉన్న ఖాళీ గుండా వాయువు కొంత తొందరగా తప్పించుకుంటుంది. మోత కాస్త ఎక్కువవుతుంది. అన్నింటికీ పనికివచ్చేది దేనికీ అచ్చంగా అమరదన్నమాట.

అయినా ఈ రాజీ కుదరడానికి ఒక కారణం ఉంది. ఎన్ని రకాల తుపాకులైనా పేలుడు మోత బయటకు వచ్చేది ఒక్క నోటి నుంచే. మోటారు సైకిల్‌కూ అంతే. పొగ గొట్టమే దాని నోరు. నోరున్న యంత్రానికే సైలెన్సర్ తగిలించగలం.

మగ్గానికి నోరు లేదు

ఇప్పుడు మరమగ్గాన్ని చూడండి. పడుగు దారాల మధ్య పేకను మోసుకుపోయే నాడెను ఒక కర్ర బలంగా కొడుతుంది. నాడె అటు చివర పెట్టెకు గుద్దుకుని ఆగుతుంది. వెంటనే పేక దారాన్ని అచ్చు ముందుకు కొడుతుంది. ఒక్క పోగుకు ఇన్ని దెబ్బలు. నిమిషానికి 150 పోగులనుకుంటే 12 గంటల్లో 1,08,000 పోగులు. ఇక్కడ వాయువు లేదు, గొట్టం లేదు. కర్ర, ఇనుము, నేల, రేకుల కప్పు అన్నీ కంపిస్తాయి. మగ్గానికి ఒళ్ళంతా నోరే.

మరొక చిక్కు ఉంది. వేటగాడు ఒకసారికి ఒక తుపాకీనే పేలుస్తాడు. కార్ఖానాలో మగ్గాలన్నీ ఒకేసారి ఆడతాయి. డెసిబెల్ లెక్కలో ధ్వని శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే. అంటే సగం మగ్గాలను పూర్తిగా ఆపినా తగ్గేది కూడా సుమారు 3 డెసిబెలే!

చెవి చెల్లించే మూల్యం

నాడె మగ్గాల షెడ్డులో ధ్వని స్థాయి సాధారణంగా 95–105 డెసిబెల్ మధ్య ఉంటుంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం 85 డెసిబెల్ మోతలో 8 గంటలు మించి ఉండరాదు. ఆపై ప్రతి 3 డెసిబెల్‌కు గడువు సగమవుతుంది. 88 వద్ద 4 గంటలు, 91 వద్ద 2 గంటలు. ఇలా లెక్కిస్తూ పోతే 100 వద్ద మిగిలేది 15 నిమిషాలే. దీనిని 12 గంటల షిఫ్టుతో పోల్చి చూడండి.

ఈ సంగతి కొత్తగా బయటపడినది కాదు. పాత్రలు కొట్టే కంచర్లకు చెవుడు వస్తుందని ఇటలీ వైద్యుడు రామజీని 1713లోనే రాశాడు. 1886లో గ్లాస్గోలో థామస్ బార్ 100 మంది బాయిలర్ కార్మికులను పరీక్షిస్తే సరిగా వినగలవాడు ఒక్కడూ కనిపించలేదు. లాంకషైర్ నేత మిల్లుల్లో కార్మికులు పెదవుల కదలికను చూసి మాటలు గ్రహించడం అలవాటు చేసుకున్నారు. 1965లో స్కాట్లండులోని డండీ జనపనార నేతగత్తెల వినికిడిపై వివరమైన అధ్యయనం వెలువడింది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, దాని స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్, రెండూ మోత వల్ల వచ్చే చెవుడును తప్పక తెలియజేయవలసిన వృత్తి వ్యాధుల పట్టికలో చేర్చాయి.

మన లోపలి చెవిలోని కర్ణావర్తంలో సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. ధ్వనిని నాడీ సంకేతంగా మార్చేవి ఇవే. ఒకసారి చచ్చిపోతే మనిషిలో ఇవి మళ్ళీ పుట్టవు. మొదట దెబ్బతినేది 4,000 హెర్ట్జ్ ప్రాంతం. స, శ, చ, త వంటి అక్షరాల స్పష్టత ఈ ఎగువ పౌనఃపున్యాల మీదే ఆధారపడుతుంది. అందుకే బాధితుడు "వినబడుతోంది గాని అర్థం కావడం లేదు" అంటాడు. ఇంట్లో వాళ్ళు పరధ్యానం అనుకుంటారు. నొప్పి ఉండదు, నెత్తురు రాదు. నష్టంలో ఎక్కువ భాగం పనిలో చేరిన మొదటి 10–15 ఏళ్ళలోనే జరిగిపోతుంది.

మరి దారి ఏది?

నోరు లేని యంత్రానికి రెండు దారులున్నాయి. మొదటిది దెబ్బనే తీసివేయడం. 1953లో స్విట్జర్లాండుకు చెందిన సుల్జర్ సంస్థ బరువైన నాడెకు బదులు చిన్న లోహపు ముక్కతో పేకను పంపే మగ్గాన్ని మార్కెట్టులోకి తెచ్చింది. తర్వాత నీటి ధారతో పేకను పంపే మగ్గాలు వచ్చాయి. నీరు పీల్చని పాలిస్టర్ దారానికి ఇవి బాగా నప్పుతాయి. కృత్రిమ దారాల నగరమైన సూరత్‌లో ఇవి వ్యాపించడానికి అదొక కారణం. ఇవి పూర్తిగా మౌనంగా ఉండవు. కాని నాడె గుద్దులు మాత్రం పోతాయి. ఖరీదు మాత్రం ఎక్కువ.

రెండవ దారి చవకైనది. వేటగాడు వెతికిన 'అన్నింటికీ సరిపోయే ఒక్కటి' నిజానికి చెవి దగ్గరే ఉంది. చెవిలో పెట్టుకునే మెత్తని ఫోమ్ బిరడా అది. మగ్గం ఏదైనా దానికి పట్టింపు లేదు. సరిగ్గా అమర్చుకుంటే, 15 డెసిబెల్ తగ్గించినా 100 కాస్తా 85 అవుతుంది. 15 నిమిషాల గడువు 8 గంటలకు పెరుగుతుంది. 12 గంటల షిఫ్టుకు అదీ చాలదు గాని, తేడా ఎంతో చూడండి. మామూలు దూది మాత్రం దీనికి పనికిరాదు. అది మోతను పెద్దగా ఆపదు.

మీ ఇంట్లో నేత పనివారుంటే ఒక చిన్న పరీక్ష చెప్పండి. చేయి చాపితే అందేంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడవలసి వస్తోందా? అయితే అక్కడ ధ్వని 85 డెసిబెల్ దాటినట్లే. ఆ రోజు నుంచే బిరడాలు మొదలుపెట్టమనండి. పోయిన వినికిడిని ఏ బిరడా తిరిగి తేలేదు. ఉన్నదానిని కాపాడుకునే సమయం మాత్రం ఇంకా మించిపోలేదు.