బ్యాగు లోపలి నంబరు ఎవరి కోసం?

పోయిన ఎపిసోడ్‌లో సెకండ్ హ్యాండ్ బ్యాగుల మాట వచ్చినప్పటి నుంచి చాలామంది తమ్ముళ్లు ఒక్కటే అడుగుతున్నారు. "అన్నా, లోపల నంబరు కొట్టి ఉంది, అంటే ఒరిజినలే కదా?" అని. చెల్లె పెళ్లికనో, ఇంటామె ముచ్చట తీర్చాలనో నెలల తరబడి మిగిల్చిన పైసలు పెట్టేవాళ్లు అడిగే ప్రశ్న ఇది. ఆ నంబరు ఎందుకు పుట్టిందో తెలిస్తే జవాబు అదే దొరుకుతుంది.

ముందు బంగారం దగ్గరికి పోదాం. ఇంగ్లండులో 1363 నాటి చట్టం ప్రకారం ప్రతి కంసాలి తన సొంత గుర్తు వస్తువు మీద కొట్టాలి. 1478 నుంచి దాని పక్కన ఏటేటా మారే ఒక అక్షరం కూడా చేరింది. లండన్‌లో గోల్డ్‌స్మిత్స్ హాల్ అనే భవనంలో ఈ ముద్ర వేసేవాళ్లు కాబట్టే దానికి హాల్‌మార్క్ అని పేరు. అక్షరం చూస్తే ఆ ఏడు పరీక్ష చేసిన అధికారి ఎవరో తెలుస్తుంది. రేపు కల్తీ బయటపడితే ఎవర్ని నిలదీయాలో తెలియడానికే ఆ ఏర్పాటు.

మన సైటులో కాంక్రీటు క్యూబు మీద తేదీ రాస్తాం చూడండి, అదీ ఇట్లాంటిదే. ఏ రోజు, ఏ స్లాబు అని రాసి పెట్టి, 7 రోజులకు, 28 రోజులకు పగలగొట్టి చూస్తాం. తేదీ ఉన్నంత మాత్రాన క్యూబు గట్టిదని కాదు. ఫెయిలైతే ఏ పోత దగ్గరికి పోవాలో ఆ తేదీ చెబుతుంది, అంతే.

బ్యాగుల్లో ఎక్కువగా కనిపించేది లూయీ విటాన్. 1854లో పారిస్‌లో పెట్టెలు చేసే షాపుగా మొదలైంది. పక్కవాళ్లు కాపీ కొడుతున్నారని 1888లో గళ్ల గుడ్డ తెచ్చి, అది రిజిస్టరు చేసిన మార్కు అని దాని మీదే రాయించారు. అయినా కాపీలు ఆగలేదు. కొడుకు జార్జ్ 1896లో ఎల్, వీ అక్షరాలు, పూలు కలిపి ఇంకో డిజైన్ గీయించాడు. నకిలీని ఆపడానికి పుట్టిన ఆ డిజైనే ఇప్పుడు ఏ దేశం ఫుట్‌పాత్ మీద చూసినా కనిపిస్తుంది!

లోపలి నంబరు చాలా ఆలస్యంగా, 1980 తర్వాత వచ్చింది. మొదట్లో అంకెలే. 844 అంటే 84వ సంవత్సరం, నాలుగో నెల. కొన్నాళ్లకు ఫ్యాక్టరీని చెప్పే రెండక్షరాలు కలిశాయి. 1990 నుంచి అంకెలు అటూ ఇటూ మార్చారు. 0938 ఉందనుకోండి, ఒకటోది, మూడోది కలిపితే 03, అంటే మార్చి. రెండోది, నాలుగోది కలిపితే 98. 2007 నుంచి నెల పోయి వారం వచ్చింది. 0173 అంటే 2013లో ఏడో వారం.

మా క్యాంపులో ఒక స్టీల్ ఫిక్సర్ తమ్ముడు డబ్బులిచ్చే ముందు నాకు ఫోటో చూపించాడు. అమ్మేవాడు 2012 బ్యాగన్నాడు. కోడు 6122. సంవత్సరం సరిగ్గానే 12 వచ్చింది. వారం మాత్రం 62! ఏడాదికి అన్ని వారాలు ఎక్కడివి? తమ్ముడు కొనలేదు. అదే కోడు 0122 ఉంటే లెక్క కుదిరేది. కానీ నకిలీవాడికి కూడా ఈ లెక్క వచ్చు కదా. ఒక మంచి బ్యాగు కోడు చూసి వేల బ్యాగుల మీద అదే కొడతాడు. కాబట్టి తప్పు కోడు నకిలీని పట్టిస్తుంది, సరైన కోడు మాత్రం ఒరిజినల్ అని రుజువు చేయదు. రెండక్షరాలకూ, "మేడిన్" అని రాసిన దేశానికీ పొత్తు కుదరాలంటారు, అక్కడా తొందరపడొద్దు. ఎస్‌డీ అనే అక్షరాలు ఫ్రాన్స్‌లోనూ, అమెరికాలోనూ వాడారు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఎర్మెస్ వాళ్ల పద్ధతి. 1837లో గుర్రాల జీనుసామాను చేసే షాపుగా మొదలైంది. 1945లో ఏ అక్షరంతో మొదలుపెట్టి 1970లో జెడ్ దాకా ఏటికొక్కటి కొట్టారు. 1971 నుంచి అవే అక్షరాలు గుండ్రటి గీత లోపల, 1997 నుంచి చదరం లోపల. 2015లో చదరం తీసేశారు, అక్షరాల వరుస కూడా తప్పించారు. దాని పక్కనే ఆ బ్యాగు కుట్టిన మనిషి గుర్తు ఉంటుంది. రిపేరుకి వస్తే ఎవరి చేతి పనో వాళ్లకు తెలుస్తుంది. కొన్నామెకు ఆ గుర్తు అర్థం కాదు, అవసరమూ లేదు. పనివాడికీ కార్ఖానాకీ మధ్య మాట అది. మనం కట్టిన టవర్ల మీద అంతమాత్రం గుర్తు కూడా ఉండదనుకోండి, అది వేరే ఎపిసోడ్.

మన ఊళ్లో నగ మీద బీఐఎస్ హాల్‌మార్క్‌తో పాటు 916 ఉంటే వెయ్యిలో 916 పాళ్లు బంగారమని పూచీ, ఉత్త 916 అంకె ఒక్కటే చాలదు. ఇప్పుడు ఆరక్షరాల హెచ్‌యూఐడీ కూడా ఉంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. తోలుకు అట్లాంటి పూచీ ఎవరూ ఇవ్వరు. అందుకే కంపెనీ షాపు బిల్లు లేకుండా, బయట మనిషి మాట మీద పెద్ద మొత్తం ఇవ్వొద్దు.

ఇంకొకటి. 2021 మార్చి నుంచి లూయీ విటాన్ వాళ్లు ఈ కోడ్లు కొట్టడం మానేసి లోపల చిన్న చిప్పు పెడుతున్నారు. ఎవరైనా "2023 మోడల్, ఇదిగో డేట్ కోడు" అని చూపిస్తే లెక్క కట్టే పని కూడా లేదు.