ఇంజనులోని పాసంగము

కిరాణా దుకాణములోని పాత త్రాసును చూడుడు. తట్టలు రెండును ఖాళీగా ఉన్నప్పుడే ఒకటి పైకి లేచియున్న యెడల, దుకాణదారు ఆ ప్రక్కకు చిన్న పాసంగము కట్టి ముల్లును నడిమికి తెచ్చును. పాసంగము బరువును బట్టి త్రాసులో తేడా ఎంత యున్నదో చెప్పవచ్చును గాని, ఆ తేడా ఎందువలన వచ్చినదో చెప్పలేము. నేటి పెట్రోలు కార్లలోని కంప్యూటరు కూడ ఇట్టి పాసంగము నొకదానిని వేయుచుండును. దానికి ఫ్యూయల్ ట్రిమ్, అనగా ఇంధన సవరణ, అని పేరు. మెకానిక్కు స్కానరు తగిలించినపుడు అది శాతములలో కనబడును. ఈ అంకె ఎట్లు పుట్టినదో తెలిసిన గాని దీనిని సరిగా చదువుట సాధ్యము కాదు.

దీని చరిత్ర లాస్ ఏంజెలిస్ నగరపు గాలితో ఆరంభమగును. 1943 వేసవిలో ఆ నగరమును కండ్లు మండించు పొగ కప్పివేసెను. కృత్రిమ రబ్బరునకు కావలసిన బ్యూటడయీనును తయారుచేయు ఒక కర్మాగారమే కారణమని ప్రజలు తలచిరి. దానిని కొంతకాలము మూసినను పొగ పోలేదు. 1950 తరువాత హాగెన్-స్మిట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు అసలు కారణమును ప్రయోగములతో చూపెను. కార్లనుండియు, చమురు శుద్ధి కర్మాగారములనుండియు వెలువడు హైడ్రోకార్బనులు, నైట్రొజన్ ఆక్సైడులతో కలిసి, సూర్యరశ్మిలో ఓజోను మొదలగు ఘాటైన పదార్థములను పుట్టించుచుండెను. 1970లో అమెరికా ప్రభుత్వము చట్టము చేసి, కార్ల పొగలోని ముఖ్య మాలిన్యములను 90 శాతము తగ్గింపవలెనని తయారీదారులను ఆదేశించెను.

ఇందుకు కుదిరిన సాధనము ఉత్ప్రేరకపు పెట్టె. కెటలిటిక్ కన్వర్టరని దీనికి వాడుక పేరు. ఇందలి ప్లాటినము, రోడియము వంటి లోహములు రెండు పనులు చేయవలెను. కార్బన్ మోనాక్సైడును, కాలక మిగిలిన హైడ్రోకార్బనులను ఆక్సిజనుతో కలుపవలెను. నైట్రొజన్ ఆక్సైడులనుండి ఆక్సిజనును తీసివేయవలెను. మొదటి పనికి ఆక్సిజను కావలెను. రెండవ పనికి అది ఎక్కువగా ఉండరాదు. రెండును ఒకేసారి జరుగవలెనన్న, ఒక గ్రాము పెట్రోలునకు సుమారు 14.7 గ్రాముల గాలి చొప్పున మిశ్రమము కుదురుగా ఉండవలెను. సామాన్యపు కార్బ్యురేటరుకు ఇంత కచ్చితము అలవికాదు.

దారి చూపినది పాత విజ్ఞానమే. రెండు తావులందు ఒక పదార్థపు సాంద్రతలో భేదమున్నచో ఎంత వోల్టేజి పుట్టునో జర్మను శాస్త్రజ్ఞుడు నెర్న్‌స్ట్ 1889లో సూత్రీకరించెను. బాగుగా వేడెక్కిన జిర్కోనియా పింగాణి ఆక్సిజను అయానులను తనగుండ పోనిచ్చును. దాని ఒక ప్రక్కకు బయటి గాలిని, రెండవ ప్రక్కకు ఇంజను పొగను తగులనిత్తురు. పొగలో ఆక్సిజను మిగిలియున్నప్పుడు సుమారు 0.1 వోల్టు, లేనప్పుడు సుమారు 0.9 వోల్టు కనబడును. బాష్ సంస్థ తయారుచేసిన ఇట్టి ఆక్సిజన్ సెన్సారును 1976లో కాలిఫోర్నియాకు ఉద్దేశించిన వోల్వో కార్లలో అమర్చిరి. 1996 మోడలునుండి అమెరికాలో అమ్ము కార్లన్నింటను లోపములను తామే కనిపెట్టి తెలుపు ఏర్పాటు తప్పనిసరి యయ్యెను. సవరణ అంకెను చదువుటకు మెకానిక్కులకు వీలు కలిగెను.

ఇక ఆ అంకె సంగతి. కంప్యూటరు ఇంజనులోనికి పోవు గాలిని కొలిచి, తగిన పెట్రోలును లెక్కకట్టును. పొగలో ఆక్సిజను మిగిలినదని సెన్సారు తెలిపినచో, మిశ్రమము పలుచనైనదని తలచి పెట్రోలు పెంచును. అప్పుడు అంకె ధనము. చిక్కనైనదని తోచినచో తగ్గించును. అప్పుడు ఋణము. క్షణక్షణము మారునది తాత్కాలిక సవరణ. చాలసేపు ఒకే దిశలో సాగినదానిని జ్ఞాపకముంచుకొనునది దీర్ఘకాలిక సవరణ. రెంటిని కూడి చూడవలెను. మొత్తము ఇటో అటో 10 శాతము లోపల ఉన్నచో సాధారణముగా చింత లేదు.

ఒక లెక్క చేయుదము. గాలిని కొలుచు సాధనము దాటిన తరువాత రబ్బరు గొట్టము చిట్లి, సెకండుకు 0.6 గ్రాముల గాలి దొంగదారిన చొరబడుచున్నదనుకొందము. బండి నిలిచి ఇంజను ఊరక తిరుగునపుడు కొలతకు వచ్చు గాలి 3 గ్రాములైనచో, సవరణ 20 శాతము కావలెను. వేగము పెంచగా ఆ గాలి 15 గ్రాములైనచో, అదే లీకునకు 4 శాతము చాలును. కావున నిలిచినపుడు ఎక్కువగా ఉండి, వేగములో తగ్గినచో గాలి లీకును వెదుకవలెను. నిలిచినపుడు బాగుండి, బండి ఎత్తు ఎక్కునపుడు పెరిగినచో పెట్రోలు పంపునో, ఫిల్టరునో అనుమానింపవలెను.

ఇందొక చిక్కు కలదు. సెన్సారు చూచునది ఆక్సిజనును, పెట్రోలును కాదు. ఒక సిలిండరులో స్పార్కు ప్లగ్గు పనిచేయనిచో, అందలి గాలియు పెట్రోలును కాలకయే బయటికి వచ్చును. మిగిలిన ఆక్సిజనును చూచి కంప్యూటరు మరింత పెట్రోలు పోయును. అంకె ధనముగా ఉండును గాని పెట్రోలునకు కొరత లేదు. మెకానిక్కు ప్లగ్గును విడిచి సెన్సారును మార్చినచో డబ్బు దండుగ. అంతేకాదు, కాలని పెట్రోలు కన్వర్టరులో మండి దానిని పాడుచేయును. ఏ గాలిని కాపాడుటకై ఇదంతయు పుట్టినదో ఆ గాలియే చెడును.

లాస్ ఏంజెలిస్ ప్రజలు పొగను చూచిరి, కారణమును పొరబడిరి. సవరణ అంకెను చూచువారికిని ఆ పొరపాటు సులభము. పాసంగము ఎంత యున్నదో చూచిన పిమ్మట త్రాసునే పరీక్షింపవలెను.