వరసలో కార్మికుడి చోటు: దివాలా చట్టాల చరిత్రపై ఒక పరిశీలన

1

మన కోస్తా జిల్లాల బజార్లలో "ఐ.పి. పెట్టాడు" అనే మాట తెలియనివాళ్ళు ఉండరు. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే కోర్టు మాటలోని రెండు పొడి అక్షరాలు ఏనాడో తెలుగు జాతీయమైపోయాయి. చీటీలు కట్టించుకున్నవాడో, పత్తి కొన్నవాడో, వడ్డీకి డబ్బు తిప్పినవాడో చేతులెత్తేస్తే ఐ.పి. పెట్టాడంటారు. ఆ మాటలో తిట్టూ ఉంది, జాలీ ఉంది, మన డబ్బు ఇక రాదన్న నిస్పృహా ఉంది.

2016 తరవాత ఆ రెండు అక్షరాలకే కంపెనీ న్యాయవాదుల లోకంలో మరో అర్థం వచ్చింది. అక్కడ ఐ.పి. అంటే ఇన్సాల్వెన్సీ ప్రొఫెషనల్. మునిగిన కంపెనీని తన చేతిలోకి తీసుకుని దాని వ్యవహారం నడిపే రిజిస్టర్డ్ వృత్తి నిపుణుడు. బాకీదారు చివరి దిక్కుకు పేరుగా ఉన్న మాట ఇప్పుడు కొందరి జీవనోపాధికి పేరయింది. ఒక మాట అర్థం ఇలా తిరగబడిందంటే దాని వెనక ఆస్తి సంబంధాల్లో ఏదో కదలిక ఉండి తీరాలి. ఆ కదలికను చరిత్రలో పెట్టి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను న్యాయవాదిని కాను. చరిత్ర విద్యార్థిగా తీర్పులు చదివే అలవాటున్నవాణ్ణి. చదివేటప్పుడు ఒకే ఒక ప్రశ్న దగ్గర పెట్టుకుంటాను. మునిగిన కంపెనీ ఆస్తిని పంచేటప్పుడు ఎవరు ముందు నిలబడ్డారు, ఎవరు వెనక నిలబడ్డారు? ఎన్ని సెక్షన్లున్నా, ఎన్ని సవరణలు వచ్చినా, దివాలా చట్టం చివరికి ఈ వరస గురించే మాట్లాడుతుంది. ఒక సమాజంలో ఎవరి బాకీ బాకీయో, ఎవరి బాకీ దయాధర్మమో ఆ వరసే చెపుతుంది.

2

ముందుగా ఒక పాత సంగతి. ఇంగ్లండులో 1855లో పరిమిత బాధ్యత చట్టం వచ్చింది. అంతకు మునుపు వ్యాపారంలో భాగస్వామి అయినవాడి ఇల్లూ వాకిలీ కూడా ఆ వ్యాపారపు అప్పుకు బాధ్యత వహించేవి. ఈ చట్టం తరవాత వాటాదారు తాను పెట్టిన వాటా సొమ్ము వరకే నష్టపోతాడు. రెండేళ్ళు తిరిగేసరికి, 1857లో, ఆ సూత్రం మన దేశపు కంపెనీ చట్టంలోకి కూడా వచ్చింది. 1896లో సాలమన్ కేసులో ఇంగ్లండు ప్రభువుల సభ కంపెనీ వేరు, దాని యజమాని వేరు అని తేల్చేసింది.

అదే ఇంగ్లండులో అప్పు తీర్చలేని మామూలు మనిషిని జైల్లో పెట్టే పద్ధతి చాలావరకు రద్దయింది 1869లో. అంటే వాటాదారుకు కవచం దొరికిన పధ్నాలుగేళ్ళ తరవాత గాని పేద బాకీదారుకు చెర విడుదల దొరకలేదు. పెట్టుబడి నష్టపోవడాన్ని సాహసం అన్నారు. పేదవాడు బాకీ పడడాన్ని నేరం అన్నారు. న్యాయశాస్త్రం వర్గాలకు అతీతమైందని నమ్మేవాళ్ళు ఈ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన రాసుకుని చూడాలి.

మన వైపు చూస్తే, 1906 అక్టోబరులో మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ కూలిపోయింది. ఎంతోమంది తమ పొదుపు సొమ్మును అక్కడ దాచుకున్నారు. ఆ కంపెనీ పెద్ద సర్ జార్జి ఆర్బత్‌నాట్‌కు కఠిన శిక్ష పడింది. అప్పుడు బాధితుల పక్షాన నిలబడిన వకీలు వి. కృష్ణస్వామి అయ్యర్. తెల్లదొరల సంస్థల మీద ఆధారపడితే ఏమవుతుందో ఆ పతనం నేర్పింది. ఆ పాఠం నుంచే ఆయనా, ఆయనతో కూడినవాళ్ళూ 1907లో ఇండియన్ బ్యాంకును నిలబెట్టారు. వ్యాపార న్యాయవాద వృత్తిలో ఇది ఒక ఉజ్వలమైన ఘట్టం. అయితే దాని పరిమితిని కూడా మనం గమనించాలి. ఆ పోరాటం డిపాజిటు ఉన్నవాళ్ళ పోరాటం. డిపాజిటు లేనివాడు, కంపెనీ గిడ్డంగిలో మూటలు మోసి కూలి రాక నిలిచినవాడు ఆ కథలో కనిపించడు.

3

ఆ మూటలు మోసినవాడు చట్టం ముందు మనిషిగా కనపడడానికి చాలా కాలం పట్టింది. 1956 కంపెనీల చట్టంలో కంపెనీ మూసివేత అంటే వాటాదార్లకూ రుణదాతలకూ సంబంధించిన వ్యవహారం. వందలమంది బతుకులు ఆధారపడిన మిల్లు మూసెయ్యాలా అక్కర్లేదా అని హైకోర్టు విచారిస్తుంటే, ఆ మిల్లులో పనిచేసేవాడు బయట నిలబడాలి.

ఈ తలుపు 1982 డిసెంబరులో తెరుచుకుంది. నేషనల్ టెక్స్‌టైల్ వర్కర్స్ యూనియన్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, ముగ్గురి ఆధిక్యతతో, కంపెనీ మూసివేత విచారణలో కార్మికులకు తమ మాట చెప్పుకునే హక్కు ఉందని తీర్పిచ్చింది. ప్రధాన తీర్పు రాసింది జస్టిస్ పి.ఎన్. భగవతి. ఆయనతో ఏకీభవించినవారిలో తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఉన్నారు. యాజమాన్య నిర్వహణలో కార్మికుల పాత్రను గురించి 1976లో రాజ్యాంగంలో చేరిన 43ఎ అధికరణం ఆ తీర్పుకు ఒక ఆధారమయింది.

ఆ వెంటనే 1985లో కంపెనీల చట్టానికి సవరణ వచ్చి 529ఎ అనే సెక్షన్ చేరింది. దాని ప్రకారం కంపెనీ ఆస్తిని అమ్మినప్పుడు కార్మికుల బకాయిలు, తాకట్టు పెట్టుకున్న బ్యాంకుల బాకీతో సమానంగా, మిగతా అందరికంటే ముందు నిలబడతాయి. వరసలో కార్మికుడు ముందుకు జరిగాడు. ఇది ఎవరి ఔదార్యమూ అనుకోనక్కర్లేదు. మూతపడిన మిల్లుల గేట్ల ముందు సాగిన ఆందోళనల కాలమది. ఆ వేడి చట్టసభను కూడా తాకింది.

అదే 1985లో ఖాయిలా పరిశ్రమల చట్టం వచ్చింది. దాని కింద 1987లో బి.ఐ.ఎఫ్.ఆర్. అనే బోర్డు పనిచెయ్యడం మొదలుపెట్టింది. ఆ బోర్డు ముందు కేసున్నంత కాలం కంపెనీ మీద వసూలు దావాలు నడవవు. ఈ రక్షణ చాటున యజమానులు ఏళ్ళతరబడి కాలక్షేపం చేశారు. ఫ్యాక్టరీ ఖాయిలా పడింది గాని యజమాని ఖాయిలా పడలేదని కార్మికులు ఎత్తిపొడిచేవారంటే ఊరికే కాదు. కాబట్టి పాత వ్యవస్థను స్వర్ణయుగంగా చూపించే ఉద్దేశం నాకు లేదు. అది కుళ్ళింది. ప్రశ్న ఏమిటంటే, దాన్ని తీసేసి ఎవరికి అనువైనదాన్ని తెచ్చారు?

4

2016 మే నెలలో దివాలా స్మృతి పార్లమెంటులో ఆమోదం పొందింది. జూన్ 1న కంపెనీ లా ట్రిబ్యునల్ ఏర్పడి హైకోర్టుల చేతిలోని కంపెనీ వ్యవహారాలు అటు మళ్ళాయి. డిసెంబరు 1న ఖాయిలా పరిశ్రమల చట్టం రద్దయింది. ఈ కొత్త స్మృతి కింద దేశంలో మొట్టమొదట పరిష్కారమైన కేసు మన తెలుగు నేలదే. విశాఖపట్నంలో కార్ల చక్రాలు పోతపోసే సినర్జీస్ డూరే కంపెనీ అది. హైదరాబాదు ధర్మాసనం 2017 ఆగస్టు 2న ఆ పరిష్కార ప్రణాళికను ఆమోదించింది. ఆర్థిక రుణదాతల ఆమోదిత బాకీ సుమారు 972 కోట్లు. వాళ్ళకు దక్కేది సుమారు 55 కోట్లు. నూటికి ఆరు రూపాయలు కూడా లేదు. ప్రణాళిక తెచ్చింది ఆ గ్రూపుకే సంబంధించిన సంస్థ.

ఇలా వదులుకోవడాన్ని బ్యాంకుల పరిభాషలో 'హెయిర్‌కట్' అంటారు. తెలుగులో క్షవరమైందంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా? అయితే ఆ క్షవరం ఎవరిది? ప్రభుత్వ బ్యాంకు వదులుకున్న ప్రతి కోటిలోనూ సామాన్యుడి పొదుపు ఉంది.

న్యాయంగా చెప్పుకోవలసింది ఒకటుంది. ఆ తీర్పు వచ్చిన మూడు నెలలకే, 2017 నవంబరులో, 29ఎ అనే సెక్షన్ వచ్చింది. బ్యాంకుల బాకీ ఎగ్గొట్టిన యజమాని అదే కంపెనీని చవగ్గా తిరిగి కొనుక్కోకుండా అది అడ్డుపడింది. తరతరాలుగా యజమానికి కంపెనీ మీదున్న పట్టుకు ఇది గట్టి దెబ్బే. మూతపడి ఉన్న సిర్పూరు కాగజ్‌నగర్ పేపరుమిల్లు 2018లో ఈ చట్టం దారినే కొత్త చేతుల్లోకి వెళ్ళి మళ్ళీ తెరుచుకుంది. కాగితం పేరు పెట్టుకున్న ఊరిలో మిల్లు పొగగొట్టం మళ్ళీ పొగవదలడం చిన్న విషయం కాదు. ఈ మేలును కాదనడం విమర్శ అనిపించుకోదు.

5

కాని వరస ఏమయింది?

కొత్త స్మృతిలో కంపెనీ తలరాత రాసేది రుణదాతల కమిటీ. ఆ కమిటీలో ఓటు ఆర్థిక రుణదాతలకే, అంటే ప్రధానంగా బ్యాంకులకు. కార్మికుడు సరుకు అమ్మినవాడితో పాటు 'నిర్వహణ రుణదాత' అనే జాబితాలో చేరాడు. ఆ జాబితాలోనివాళ్ళ మొత్తం బాకీ కంపెనీ అప్పులో పదోవంతుకు తగ్గకపోతే వాళ్ళ ప్రతినిధి కమిటీలో కూర్చోవచ్చు. కూర్చోవచ్చు గాని ఓటు వెయ్యకూడదు. 1982 తీర్పు మాట చెప్పుకునే హక్కు ఇస్తే, 2016 చట్టం వినే హక్కు ఇచ్చింది.

2019 జనవరిలో స్విస్ రిబ్బన్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ ఏర్పాటును సమర్థించింది. అదే ఏడు నవంబరులో ఎస్సార్ స్టీల్ కేసు వచ్చింది. ఆర్థిక, నిర్వహణ రుణదాతలిద్దరికీ ఒకే నిష్పత్తిలో పంచాలని అప్పిలేట్ ట్రిబ్యునల్ అంటే సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, కమిటీ 'వాణిజ్య వివేకం'లో కోర్టులు తలదూర్చకూడదని చెప్పింది. వాణిజ్య వివేకం అనే ఈ మాట ఇవాళ కంపెనీ న్యాయవాదుల నోట మంత్రంలా వినపడుతుంది. బ్యాంకుకు ఉన్న వివేకం ముప్పయి ఏళ్ళు అదే యంత్రం దగ్గర నిలబడిన మనిషికి లేదని ఎవరు తేల్చారు?

కంపెనీని అమ్మెయ్యవలసి వస్తే 53వ సెక్షన్ వరస చెపుతుంది. మొదట దివాలా ప్రక్రియ ఖర్చులు, అంటే అందులోనే వృత్తి నిపుణుల ఫీజులు. తరవాత తాకట్టున్న రుణదాతలతో సమానంగా కార్మికుల బకాయిలు. ఇక్కడొక చిన్న షరతు దాగి ఉంది. చివరి ఇరవై నాలుగు నెలల బకాయిలకే ఆ హోదా. 1985 సవరణలో ఈ గీత లేదు. ఏళ్ళతరబడి జీతాలు ఆపి మూసిన మిల్లుల సంగతి తెలిసినవాళ్ళకు ఈ రెండేళ్ళ గీత ఎక్కడ కోస్తుందో అర్థమవుతుంది. 2023 మేలో మోసర్ బేర్ కార్మిక సంఘం దీన్ని ప్రశ్నించి సుప్రీంకోర్టులో ఓడిపోయింది. ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ సొమ్ములు మాత్రం పంపకంలో కలవకుండా బయట ఉన్నాయి. అది ఒక ఊరట. అయితే ఊరట కాగితం మీద ఉంటే చాలదు. 2019 ఏప్రిల్‌లో ఆగిపోయిన జెట్ ఎయిర్‌వేస్ ఉద్యోగుల విషయంలో ఆ సొమ్ము చెల్లించి తీరాలని 2023 జనవరికి సుప్రీంకోర్టు దాకా ఖాయమయింది. కంపెనీని తీసుకుంటామన్నవాళ్ళు మాట నిలుపుకోలేదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కంపెనీని అమ్మెయ్యమంది. అయిదేళ్ళు నిరీక్షించినవాళ్ళు మళ్ళీ వరసలోకి వచ్చి నిలబడ్డారు.

కార్మికులు తామే ట్రిబ్యునల్ తలుపు తట్టవచ్చునా? తట్టవచ్చునని, సంఘం అందరి తరఫునా ఒకే దరఖాస్తు పెట్టవచ్చునని 2019 ఏప్రిల్‌లో జె.కె. జూట్‌మిల్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఏడాది తిరగకముందే, 2020 మార్చి 24న, దరఖాస్తుకు ఉండవలసిన కనీస బాకీని లక్ష నుంచి కోటి రూపాయలకు పెంచారు. కోవిడ్ కాలంలో చిన్న పరిశ్రమలను కాపాడడానికని కారణం చెప్పారు. కోవిడ్ పోయింది, కోటి గీత మిగిలింది. నెలకు పదిహేను వేలు వచ్చే యాభైమంది ఏడాదంతా జీతం లేకుండా పనిచేసినా వాళ్ళ బాకీ మొత్తం తొంభై లక్షలే అవుతుంది!

6

ఇప్పుడు వృత్తి సంగతికి వస్తాను. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కార్మిక కోర్టుల్లో న్యాయవాదుల ప్రవేశానికి హద్దు పెట్టింది. ఎదుటిపక్షం ఒప్పుకోవాలి, ట్రిబ్యునల్ అనుమతించాలి. డబ్బున్నవాడు పెద్ద వకీలును తెస్తే లేనివాడు నోరు విప్పలేడన్న ఎరుక ఆ హద్దు వెనక ఉంది. దివాలా స్మృతి కింద కేసు మొదలవగానే కంపెనీ మీద ఇతర దావాలన్నీ ఆగుతాయి. కార్మికుడి కేసు కూడా ఆగుతుంది. వకీళ్ళకు హద్దున్న కోర్టు నుంచి వకీళ్ళే భాషగా ఉన్న కోర్టుకు అతను బదిలీ అయ్యాడు.

మరోవైపు ఈ వృత్తి గోడలు విశాలమవుతున్నాయి. విదేశీ న్యాయసంస్థలు ఇక్కడ ప్రాక్టీసు చెయ్యకూడదని, వచ్చిపోతూ సలహా ఇవ్వవచ్చునని 2018లో ఎ.కె. బాలాజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 మార్చిలో బార్ కౌన్సిల్ నియమాలు చేసి, కోర్టుకెక్కని వ్యవహారాల్లో, విదేశీ చట్టాల మేరకు వాళ్ళకు తలుపు తీసింది. 2025లో వాటిని సవరించింది. సముద్రాల అవతలి న్యాయవాది రావడానికి దారి ఏర్పడుతున్న కాలంలోనే, ఆ మిల్లులోనే పనిచేసినవాడు కమిటీ గదిలో ఓటు లేకుండా కూర్చున్నాడు.

మన విశాఖలోనే రావిశాస్త్రి వకీలుగా కోర్టుల్లో తిరిగారు. నల్లకోటు వేసుకుని కూడా ఎవరి పక్షాన చూడాలో ఆయన మరిచిపోలేదు. ఆయన చూపిన కోర్టు వరండాలో దొంగసారా కేసులవాళ్ళు, బక్కజీవులు నిలబడి ఉండేవాళ్ళు. ఇవాళ ట్రిబ్యునల్ వరండాలో వాళ్ళు కనపడరు. వాళ్ళ జీతాలు, వాళ్ళ ఊళ్ళు, వాళ్ళ పిల్లల చదువులు అంకెలై ఫైళ్ళలోకి వెళ్ళిపోయాయి. ఆ అంకెలను మళ్ళీ మనుషులుగా చెయ్యడం రచయితల పని. కమిటీలో కార్మికుడికి ఓటు, బకాయిలపై రెండేళ్ళ గీత తొలగింపు, దరఖాస్తుకు కోటి గీత రద్దు, ఈ మూడింటినీ అడగడం వ్యాపార న్యాయవాదుల్లో మనసున్నవాళ్ళ పని.

చట్టం రాసిన వరస దేవుడు రాసింది కాదు. 1985లో జరిగింది. మళ్ళీ జరుగుతుంది, జరిపేవాళ్ళుంటే.