పాత పటాలపు లారీకి క్రొత్త బ్రేకులు

యంత్రముల చరిత్ర చెప్పువారు వానిని పరుగెత్తించిన శక్తిని గూర్చి విస్తరించి చెప్పి, వానిని నిలిపిన శక్తిని గూర్చి రెండు మాటలతో ముగింతురు. ఆవిరియంత్రమును బాగుచేసిన వాని పేరు బడిపిల్లలకు సైతము తెలియును. రైలును నిలుపుట నేర్పిన వాని పేరు పెద్దలలోనే పలువురకు తెలియదు. ఈ ప్రసంగమున నేను ఆ రెండవ చరిత్రలో ఒక చిన్న భాగమును విన్నవింపదలచితిని. అమెరికా సైన్యము వాడి విడిచిన పెద్ద లారీల బ్రేకులే నా విషయము.

ఆ దేశమున సైన్యమునకు అక్కరతీరిన లారీలను పౌరులకు అమ్మివేయుట చిరకాలముగా నున్న ఆచారము. పాత బండ్లపై మక్కువ గలవారును, బరువుపనులు గలవారును వానిని కొనుచుందురు. కొన్న బండి రహదారి కెక్కిన పిదప బ్రేకులను బాగుచేయవలెనను కోరిక పుట్టును. బాగుచేయుట యనగా బలము పెంచుట యని పెక్కుర తలంపు. చరిత్ర చెప్పునది వేరు.

జార్జి వెస్టింగ్‌హౌసు 1869లో రైళ్ళ గాలిబ్రేకునకు పేటెంటు పొందెను. అంతకు పూర్వము అమెరికాలో సామాను రైలును ఆపవలెనన్న, మనుష్యులు పెట్టెల కప్పులపై నడచుచు చేతిచక్రములను త్రిప్పవలసి యుండెను. ఆయన ఇంజనునుండి గాలిని గొట్టము ద్వారా పెట్టెలకు పంపి, ఆ యొత్తిడితో బ్రేకులు వేయించెను. ఉపాయము గొప్పదే. కాని గొట్టము తెగినచో గాలి పోవును, గాలితో బ్రేకును పోవును. అందుచేత 1872లో ఆయనయే ఈ యేర్పాటును తలక్రిందు చేసెను. గొట్టములో గాలి నిండియున్నంతసేపు బ్రేకులు విడివడి యుండును. అది తగ్గినప్పుడు, ప్రతి పెట్టె క్రిందను నిలువయుంచిన గాలి బ్రేకులను బిగించును. ఇక గొట్టము తెగినను, పెట్టె ఊడినను, బండి తనంతట తానే నిలుచును. మన రైళ్ళలో బహుకాలము వాడిన వాక్యూము బ్రేకు వేరు రకమైనను దాని నీతియు నిదియే. ప్రయాణికుడు గొలుసు లాగినంతనే గొట్టములోనికి గాలి చొరబడి బండి ఆగుట పెద్దలెరిగిన విషయమే.

మోటారు బండ్లు వేరొక త్రోవ త్రొక్కినవి. మూసియుంచిన ద్రవముపై ఒకచోట వేసిన ఒత్తిడి అన్ని వైపులకును సమముగా వ్యాపించునని 17వ శతాబ్దమున పాస్కల్ నిరూపించెను. ఈ సూత్రముతో పనిచేయు బ్రేకులను నాలుగు చక్రములకును అమర్చి, అమెరికాలో డ్యూసెన్‌బర్గు కంపెనీ 1921లో ఒక కారును విక్రయమునకు తెచ్చెను. తరువాత లారీలును అదే మార్గమును పట్టినవి.

1950 ప్రాంతమున సైన్యమున ప్రవేశించిన ఎమ్ 35 అను లారీ ఈ వంశములోనిదే. దానిని రెండున్నర టన్నుల లారీ యందురు. అది మోయు బరువునకు పేరు. ఖాళీబండియే సుమారు 6 టన్నులు తూగును. ఇంత బరువును మనుష్యుని కాలిబలము ఆపజాలదు గనుక ద్రవమునకు గాలిని తోడుచేసిరి. డ్రైవరు పెడలు త్రొక్కగా ద్రవమున ఒత్తిడి పుట్టును. ఆ యొత్తిడి యొక కవాటమును తెరచును. అంతట పీపాలలో నిలువయున్న గాలి వచ్చి ద్రవమును మరింత బలముగా నెట్టును.

ఇందు బలమునకు కొదువ లేదు. కొదువ యున్నది మార్గములో. ముందరి ఇరుసునకును, వెనుకటి రెండిరుసులకును ద్రవము ఒకే మార్గమున పోవును. ఎచ్చటనైన ఒక రబ్బరు గొట్టము పగిలినచో ద్రవము బయటపడి పెడలు నేలకు దిగిపోవును. గాలిపీపాలు నిండియుండియు ప్రయోజనము లేదు. నెట్టుటకు ద్రవమే లేదు గదా! మిగులునది చేతిబ్రేకు. అది నిలిపిన బండిని కదలకుండ పట్టుటకే గాని, పల్లమున పరుగిడు బండిని ఆపుటకు తగినది కాదు. గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవు 10 టన్నుల బండిని ఆపినప్పుడు పుట్టు వేడిమి 7 లీటర్ల చన్నీటిని మరుగునకు తేగలదు. ఆ వేడిమినంతను కొలది క్షణములలో బ్రేకులే భరింపవలెను.

1968 జనవరి 1 నుండి అమెరికాలో తయారగు కార్లకు ద్రవమార్గము రెండుగా నుండవలెనని నియమము ఏర్పడెను. ఒకటి చెడినను రెండవది పనిచేయును. పాత ఎమ్ 35ను కొన్నవారిలో తెలిసినవారు చేయునది ఇదే. జంట సిలిండరు నమర్చి ముందరి ఇరుసును, వెనుకటి ఇరుసులను విడదీయుదురు. దీనివలన బ్రేకు బలము ఇసుమంతయు పెరుగదు; ప్రాణమునకు మాత్రము రెండవ దారి యేర్పడును. ద్రవముతో మరియొక చిక్కు కలదు. పాతరకపు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. నెలల తరబడి కదలక నిలిచిన బండిలో సిలిండర్లు లోపల త్రుప్పు పట్టును. అందుకే సైన్యము 1980ల దశకమున తేమను పీల్చని సిలికోను ద్రవమునకు మారెను. ఈ రెంటిని కలిపి పోయరాదు.

ఇక బలము మిక్కుటమైన కథ. 1980ల ఆరంభమున వచ్చిన ఎమ్ 939 అను అయిదు టన్నుల లారీలకు పూర్తిగా గాలిబ్రేకులే అమర్చిరి. గాలి పోయినచో స్ప్రింగులు విచ్చుకొని బ్రేకులను బిగించును. అది వెస్టింగ్‌హౌసు నీతియే. కాని తడిసిన రోడ్డుపై గట్టిగా త్రొక్కినప్పుడు చక్రములు బిగుసుకొని జారుట, బండి అదుపు తప్పుట సంభవించెను. ప్రాణనష్టము కలిగెను. 1990ల దశకమున సైన్యము ఈ లారీల వేగమును గంటకు 40 మైళ్ళకు పరిమితము చేసెను. 55 మైళ్ళనుండి 40కి దిగినచో ఆపవలసిన శక్తి దాదాపు సగమగును. చక్రము బిగుసుకొనబోవు క్షణమున బ్రేకును సడలించి మరల పట్టు సాధనమును ఆ లారీలకు అమర్చుటకును నిశ్చయించెను.

ఒక లారీకి బలముండియు రెండవ దారి లేకపోయెను. రెండవ దానికి దారియుండియు నిగ్రహము లేకపోయెను. కావున పాత పటాలపు లారీని కొన్నవాడు “ఈ బ్రేకు ఎంత గట్టిగా పట్టును?” అని అడుగుటకు ముందు “ఇది చెడిన దినమున ఏమగును?” అని అడుగవలెను. మొదటి ప్రశ్నకు అంగడివాడు జవాబు చెప్పును. రెండవ ప్రశ్నకు జవాబు కొన్నవాడే బండి క్రింద దూరి, ఒక్కొక్క గొట్టమును తడవి చూచి తెలిసికొనవలెను. ఆ లారీకి ఎదురుగా వచ్చు బండిలోని వారికి ఆ ప్రశ్న నడుగు అవకాశము లేదు. వారి పక్షమునను అతడే అడుగవలసియున్నది.