ఏలూరు వింత వ్యాధి (2020)

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్‌లో మనుషులు ఉన్నట్టుండి కూలిపోవడం మొదలైంది. మూర్ఛ, నోటి వెంట నురగ, కొద్ది నిమిషాల మతిమరుపు, తలనొప్పి, వాంతులు. వారం తిరిగేసరికి బాధితులు 600కు చేరారు. ఒకరు మరణించారు. చాలామంది మాత్రం కొన్ని గంటల్లోనే తేరుకుని ఇంటికి వెళ్లారు. పత్రికలు దీన్ని ‘వింత వ్యాధి’ అన్నాయి. ఒక ఊరు ఎలా అనుమానిస్తుంది, ఎలా ఆలోచిస్తుంది, చివరికి దేన్ని నమ్ముతుంది అన్నదానికి తెలుగునాట ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

మొదటి అనుమానం కుళాయి మీద పడింది. కరోనా రోజులు కావడంతో బ్లీచింగ్, క్లోరిన్ మోతాదు మించిందన్న మాట వీధి వీధికీ పాకింది. అది గుడ్డి భయమేమీ కాదు. కాలువ నీళ్లు తాగే ఊరికి ఆ నీళ్లు ఏ పొలాల గుండా, ఏ ఊళ్ల పక్కగా వస్తాయో తెలుసు.

అయితే మున్సిపల్ నీరు అందని చోటా కేసులు వచ్చాయి. ఒకే బిందెలో నీళ్లు తాగిన ఇంట్లో ఒకరు పడిపోతే మిగతావారు బాగానే ఉన్నారు. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయశాస్త్రం ఇలాంటి పరీక్షను అన్వయ వ్యతిరేకాలు అంటుంది: కారణం ఉన్నచోట ఫలితం ఉండాలి, లేనిచోట ఉండకూడదు. తెలుగు పండితుడు అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన ‘తర్కసంగ్రహం’ ఈ పద్ధతిని తరతరాల విద్యార్థులకు నేర్పింది. 1854లో లండన్‌లో కలరా ప్రబలినప్పుడు జాన్ స్నో చేసిందీ ఇదే. బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్లను దూరాన హామ్‌స్టెడ్‌కు తెప్పించుకుని తాగిన ఒక వితంతువు చనిపోయింది. పంపు పక్కనే ఉన్న బీరు కర్మాగారంలో ఆ నీళ్లు ముట్టని పనివాళ్లు బతికారు. పంపు మీది అనుమానానికి బలం ఈ రెండు కొసల నుంచీ వచ్చింది.

మూర్ఛ విషయంలో నమ్మకానికి ఒక ప్రత్యేక సౌకర్యం ఉంది. పడిపోయినవాడి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం మన ఊళ్లలో పాత అలవాటు. మూర్ఛ సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది, ఆ ఘనత ఇనుముకు దక్కుతుంది. మనిషిని పక్కకు ఒత్తిగిల్లబెట్టి ఊపిరికి అడ్డు లేకుండా చూడటమే అసలు చేయవలసింది. ఏలూరు వ్యాధి కూడా వచ్చినంత వేగంగా తగ్గడంతో, ఏ మందు ఇచ్చినా అదే పని చేసినట్టు కనిపించింది.

వైరస్ పరీక్షల్లో ఏమీ తేలలేదు. ఢిల్లీ ఎయిమ్స్‌కు పంపిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ దృష్టి పురుగుమందుల మీద నిలిచింది. డిసెంబరు 16న రాష్ట్ర ప్రభుత్వం పురుగుమందుల అవశేషాలనే ప్రధాన కారణంగా ప్రకటించింది.

అప్పటికి సంశయం మొదలై పదకొండు రోజులు. న్యాయశాస్త్రానికి మూలమైన గౌతముడి న్యాయసూత్రాలు చెప్పిన పదహారు పదార్థాల్లో (చర్చాంశాల్లో) సంశయం మూడోది, తర్కం ఎనిమిదోది, నిర్ణయం తొమ్మిదోది. ఏలూరులో ఈ దూరాన్ని మరీ తొందరగా దాటేశారనిపిస్తుంది. సీసం ఒంట్లో నెమ్మదిగా పేరుకునే విషం. రక్తంలో దాని మోతాదు సగానికి తగ్గడానికే సుమారు నెల పడుతుంది. గంటల్లో తేరుకున్న మనుషుల కథకు అది సులువుగా అతకదు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు ఒంటికెక్కితే కంటిపాపలు కుంచించుకుపోవడం, చొంగ కారడం, చెమటలు పట్టడం కనిపిస్తాయి. మొదట చెప్పుకున్న లక్షణాల్లో ఇవి లేవు. రక్తంలో విషం దొరకడం ఒక ఎత్తు, ఆ విషమే మనిషిని పడగొట్టిందని నిరూపించడం మరో ఎత్తు. అందుకు జబ్బుపడనివాళ్ల రక్తంతోనూ పోల్చి చూడాలి.

పురుగుమందుల మీద అనుమానం మాత్రం ఈ నేలకు కొత్త కాదు. తమ్మిలేరు, బుడమేరుతో పాటు డెల్టా పొలాల మురుగు కాలువలు ఏలూరు దగ్గరి కొల్లేరు సరస్సులో కలుస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా కొల్లేరు గుర్తింపు పొందింది. 2006లో ప్రభుత్వం సరస్సులోని అక్రమ చేపల చెరువుల గట్లు కొట్టించింది. ఆ నీళ్లలో, ఒండ్రులో, చేపల్లో, ఏలూరు సంతకు వచ్చే కూరగాయల్లో పురుగుమందుల అవశేషాలు ఎంతున్నాయో ఏటా కొలిచి, ఆ అంకెలను తాగేవాళ్ల, తినేవాళ్ల ముందు పెట్టడం 2020 బాధితులకు ఇంకా తీర్చవలసిన బాకీ.