గొరిల్లా గంటకు వెల కట్టిందెవరు?

రువాండాలోని వోల్కెనోస్ నేషనల్ పార్కులో అడవి గొరిల్లాల ఎదుట ఒక్క గంట గడపాలంటే 1500 డాలర్లు. సరిహద్దు దాటి యుగాండా వెళితే 800. గుంపుకు ఎనిమిది మందికి మించి పంపరు. జలుబు చేసినవాళ్లను వెనక్కి పంపేస్తారు. ఇంత కట్టుదిట్టమైన యాత్రకు మూలం వెతుక్కుంటూ వెళితే మొదట ఎదురయ్యేది తుపాకీ.

1902లో రాబర్ట్ ఫాన్ బేరింగె అనే జర్మన్ సైనికాధికారి విరుంగా అగ్నిపర్వతాల్లో ఒకటైన సబిన్యో ఎక్కుతూ రెండు పెద్ద వానరాలను కాల్చాడు. మరుసటి ఏడాది కొండ గొరిల్లాకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు గొరిల్లా బేరింగై. చంపినవాడి పేరే చచ్చినదానికి! 1921లో కార్ల్ ఏక్లీ అనే అమెరికన్ కూడా న్యూయార్క్ మ్యూజియంలో పెట్టడానికి గొరిల్లాలను చంపేందుకే వచ్చాడు. చంపాడు కూడా. వెనక్కి వెళ్లాక మాత్రం వాటిని కాపాడమని, అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలుతున్న బెల్జియం రాజు వెంటపడ్డాడు. 1925లో ఆల్బర్ట్ నేషనల్ పార్కు అలా ఏర్పడింది.

చంపకుండా చూసి రావడానికే జనాన్ని కొండెక్కించాలన్న ఆలోచనను వ్యాపారంగా మలిచినవాడు ఒక హోటలు యజమాని. పేరు వాల్టర్ బామ్‌గార్టెల్. యుగాండా మారుమూల కిసోరోలో ట్రావెలర్స్ రెస్ట్ అనే చిన్న హోటలును 1955లో చేతిలోకి తీసుకున్నాడు. అంత దూరం అతిథులు రావాలంటే ఏదో ఒక ఆకర్షణ ఉండాలి. తిండి ఎర వేసి గొరిల్లాలను రప్పించాలని చూస్తే అవి దాని వంక కన్నెత్తి చూడలేదు. ఇక రూబెన్ ర్వాంజగిరె అనే గైడు అడుగుజాడలు పట్టుకుని అతిథులను వెంట తీసుకెళ్లేవాడు. కనిపిస్తే అదృష్టం, లేకపోతే కాళ్లనొప్పులు. జార్జ్ షాలర్, డయాన్ ఫాసీ లాంటి పరిశోధకులు కూడా ఆ హోటలు గడప తొక్కినవాళ్లే.

మనుషులను చూసి పారిపోయే జంతువు చుట్టూ వ్యాపారం నిలబడదు. వాటికి మనిషిని అలవాటు చేయాలి. రోజూ వెళ్లి, చప్పుడు చేయకుండా, కనబడేలా కూర్చోవాలి. ఒక గొరిల్లా కుటుంబానికి ఇది అలవాటయ్యేసరికి ఏళ్లు పడుతుంది. కాంగోలోని కహూజీ-బియేగా అడవిలో ఆడ్రియన్ డెష్రైవర్ ఇలా మచ్చిక చేసిన గొరిల్లాల దగ్గరికి 1970లలోనే సందర్శకులను తీసుకెళ్లారు.

అసలు మలుపు మాత్రం రువాండాలో వచ్చింది. జనం ఎక్కువ, నేల తక్కువ ఉన్న దేశం. పురుగుమందుకు పనికొచ్చే పైరెత్రం పూల సాగు కోసం 1960ల చివర్లో వోల్కెనోస్ పార్కు నుంచి సుమారు పదివేల హెక్టార్లు కోసేశారు. తర్వాత పశువుల మేతకు ఇంకొంత కావాలన్నారు. అప్పుడు అక్కడ పనిచేస్తున్న బిల్ వెబర్, ఎమీ వెడ్డర్ దంపతులు ప్రభుత్వం ముందు జాలికథ పెట్టలేదు, లెక్క పెట్టారు. పశువులకంటే గొరిల్లాలే ఎక్కువ సంపాదించి పెడతాయన్నారు. 1979లో మౌంటెన్ గొరిల్లా ప్రాజెక్టు మొదలైంది. పర్యాటకులంటే గిట్టని ఫాసీకి ఇది నచ్చలేదు. ఆమె భయం నిరాధారం కాదు. మన దగ్గు గొరిల్లాకు ప్రాణాంతకం కావచ్చు. గంట గడువు, ఎడం పాటించాలన్న నియమం, మాస్కు, అన్నీ ఆ భయం పెట్టిన షరతులే. అయినా లెక్కే నెగ్గిందనాలి. 1980ల తొలినాళ్లలో విరుంగా కొండల్లో దాదాపు 250 గొరిల్లాలు ఉండేవి. 2018 నాటికి విరుంగా, యుగాండాలోని బ్విండీ అడవులు రెండూ కలిపి వెయ్యి దాటాయి.

ఈ లెక్కలో రాయని పద్దు ఒకటుంది. 1991లో బ్విండీని నేషనల్ పార్కు చేసినప్పుడు, తరతరాలుగా ఆ అడవి వేట మీద, తేనె మీద బతికిన బాత్వా జనాన్ని బయటికి పంపేశారు. రెండేళ్లకు అదే అడవిలోకి పర్యాటకులను రానిచ్చారు. బాత్వాలకు అన్యాయం జరిగిందని, పరిహారం దక్కాలని 2021లో యుగాండా రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది.